క్యామ్ సెన్సర్‌కు మూడు బొట్లు

ఆ దసరా రోజు తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటున్నాను. ఎందుకంటే ఆ పూట పెట్రోలును, ప్లగ్గులను, చివరికి ఊరివాళ్ల దిష్టిని కూడా ముద్దాయిలుగా నిలబెట్టాను.

అప్పట్లో శామీర్‌పేటలో నాకో మెకానిక్ షెడ్డు ఉండేది. యాదిరెడ్డి పటేల్ తన తల్లిని కారులో కీసర తీసుకెళ్తూ దారిలో ఆగాడు. అవ్వకు తమ్ముడితో పదకొండేళ్లుగా మాటల్లేవు. ఈసారి అతనే దిగొచ్చి, "అక్కా, పొద్దుగూకక ముందే వచ్చి నీ చేత్తో జమ్మి పెట్టు" అని కబురు పంపాడట. జమ్మి ఆకు కొంగున మూటకట్టుకుని కూర్చుంది అవ్వ.

"సత్తయ్యా, ఇంజిన్ పక్కకెల్లి నూనె కారుతాంది. జర జూడు," అన్నాడు పటేల్.

కారేది క్యామ్ సెన్సర్ దగ్గర. ఏ క్షణాన నిప్పురవ్వ పడాలో ఇంజిన్‌కు చెప్పేది అదే. దాని రబ్బరు రింగు మారిస్తే చాలు. కానీ ముందున్న కోణంలోనే మళ్లీ బిగించాలి, గోరంత పక్కకు తిరిగినా ఇంజిన్ దగ్గుతుంది. సరిచూసేందుకు టైమింగ్ లైటుంది గానీ, అది పూజలో దండ వేసుకుని పెళ్లికొడుకులా కూర్చుంది. పూజలో పెట్టిన పనిముట్టును ఆ రోజు ముట్టకూడదు కదా. అందుకని కుంకుమ తీసి సెన్సర్ మీదొక బొట్టు, దానికెదురుగా ఇంజిన్ మీదొక బొట్టు గుర్తుగా పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోతూ సెన్సర్ విప్పి, రింగు కోసం పక్క దుకాణానికి వెళ్లొచ్చాను.

వచ్చి చూస్తే ఇంజిన్ మీద మూడు బొట్లు.

"ఒక్క బొట్టేంది కొడుకా, బోసిగ. ఇంకో రెండు పెట్టిన," అంది అవ్వ.

ఏది నాదో అడగొచ్చు. అడిగితే నా కుంకుమ ఇంజనీరింగ్ పటేల్‌కు తెలిసిపోదూ? "మస్తు మంచిగ పెట్టినవవ్వా," అని నడిమి బొట్టుకు గురిపెట్టి బిగించాను.

కారు బరాత్‌లో పటాకుల్లా పేలుతూ పది గజాలు పోయి ఆగింది.

"ఏందిర ఇది?"

"పెట్రోల్ల కల్తీ పటేలా."

"గీ పెట్రోల్ మీదనే గదా ఇందాక వచ్చిన."

"అయితే ప్లగ్గులు."

ప్లగ్గులు తుడిచాను. పటాకులు రెట్టింపయ్యాయి.

"దిష్టి తగిలిందేమో. మంచి బండాయె."

"దిష్టి బండికా, నీ చేతికా?"

అవ్వ పొద్దు వైపు చూసింది. "పోనీ తియ్యి బిడ్డా. పదకొండేండ్లు ఆగినోడు ఇంకో ఏడాది ఆగుతడు," అంది. అనేసి కొంగు మూటను గట్టిగా పట్టుకుంది.

ఆ పట్టు చూశాక నా నోట అబద్ధం రాలేదు. "అవ్వా, నువ్వు పెట్టకముందున్న బొట్టేది?"

"గీ ఎడమది. ఏమాయె?"

అయిందంతా చెప్పాను. పటేల్ చూసిన చూపుకు గుమ్మడికాయైనా పగిలేది. దేవుడి ముందు చెంపలేసుకుని, దండ తీసి లైటు తెచ్చాను. సెన్సర్‌ను ఎడమ బొట్టుకు తిప్పి, లైటు వెలుగులో సరిచూశాను. ఇంజిన్ పాలు తాగిన పిల్లిలా గురగురలాడింది.

"నువ్వు గూడ ఎక్కు. ఆగితే తోస్తువు," అన్నాడు పటేల్.

పొద్దుండగానే చేరాం. అక్కాతమ్ముళ్లు పట్టుకుని ఏడ్చారు. తర్వాత తమ్ముడు నాకూ జమ్మి ఇవ్వబోతే అవ్వ ఆపింది. "చేతుల పెట్టకురా, జేబుల పెట్టు. ఏ ఇంజిన్ మీద గుర్తుకు పెడతడో."

మర్నాడు పటేల్ ఇంటికెళ్లి, సెన్సర్‌ను ఇంకోసారి సరిచూసి, ఇంజినంతా తుడిచిచ్చాను. ఆ తర్వాత ప్రతి దసరాకూ షెడ్డు మూసేసి అవ్వను నేనే కీసర తీసుకెళ్లాను. షెడ్డులో నిలబడి మూడు ఒట్లు కూడా వేసుకున్నాను: బొట్టుతో గుర్తు పెట్టను, టైమింగ్ లైటుకు దండ వెయ్యను, తెలియనిది తెలియదని చెబుతాను. మొదటి రెండూ ఇప్పటిదాకా తప్పలేదు.