కరెంటు కోసం వదిలిన ఖాళీ

కుళాయి నాలుగు రోజులకొకసారి వచ్చే ఊళ్లో నేను ఐదడుగుల చేపల తొట్టి కొన్నాను. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల మాట. మూతపడిన లాడ్జి సామాను అమ్ముతున్నారంటే చూసి వద్దామని వెళ్లి, ఇంట్లో ఒక్క మాటైనా అడగకుండా లగేజీ ఆటోలో వేయించుకొచ్చాను. నా తొందరపాటు అలాంటిది. అమ్మ గడపలోనే నిలబడి చూసింది.

"మనుషులు తాగేదానికే ల్యావు. చేపలు ఈదేదానికి కావాల్నా?"

ఎనిమిది బంగారు చేపలు వదిలాను. వారానికొకసారి తొట్టిలో పావు వంతు నీళ్లు మార్చాలి. అంటే ఐదారు బిందెలు. రెండు వారాలు ఓర్చుకుని మూడోసారి అమ్మ బిందెలకు అడ్డంగా నిలబడింది.

"నెల గడువిస్తాండా. నా బిందెలు ముట్టుకోకుండా సాకుకో. ల్యాకుంటే చెరువులో వదిలేసి రా."

చెరువు ఎండి పగుళ్లిచ్చిందని ఇద్దరికీ తెలుసు. నాకు ఆ చేపలంటే ప్రాణంగా ఉండేది. ఆఫీసు నుంచి వచ్చి వాటి ముందు కూర్చుంటేనే నా కోపాలన్నీ చల్లారేవి.

అప్పుడు పిలిపించాను మేస్త్రీని. కుందుర్పి వైపు మనిషి, మా వైపు చీనీ అనే బత్తాయి తోటలకు డ్రిప్పు పైపులు వేస్తాడు. ఇంత పెద్ద చేపల తొట్టిని అంతకుముందు చూసి ఎరగడు. దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"చేపలు ఉచ్చ యాడ పోస్తాయన్నా?"

"నీళ్లలోనే."

"అట్లయితే తీసెయ్యాల్సింది ఉచ్చను. నీళ్లనెందుకు పారబోస్తాండావు?"

పుస్తకం చదివి నేను అర్థం చేసుకోలేని సంగతిని ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు.

నీలం డ్రమ్ము ఒకటి సగానికి కోసి తొట్టి కింద పెట్టాడు. తొట్టి పైఅంచుకు కాస్త దిగువన అద్దాల షాపతనితో రంధ్రం వేయించి పైపు దించాడు. మురికి నీళ్లు ఆ పైపులో దిగి, డ్రమ్ములో గుడ్డ, గులకరాళ్లు, ఇటుక ముక్కలు దాటి శుభ్రమవుతాయి. అడుగున పెట్టిన కూలర్ మోటారు వాటిని మళ్లీ పైకి ఎక్కిస్తుంది. పైపులన్నీ ముందు గమ్ము పూయకుండా బిగించి చూసుకుని, పెన్సిల్‌తో గీతలు పెట్టి, విప్పి, అప్పుడు పూశాడు. అంత ఓపిక నాకు ఈ జన్మలో రాదు. చూస్తుంటే ముచ్చటేసింది.

మోటారు తిరిగి డ్రమ్ములో నీళ్లు బెత్తెడు తగ్గగానే ఆయనే స్విచ్చి ఆపేశాడు. పైనున్న నీళ్లు కొంత దిగి, ఆ ఖాళీని నింపి, డ్రమ్ము అంచుకు రెండు వేళ్ల కింద ఆగాయి.

"చూసినావా, ఆ ఖాళీ కరెంటుది. కరెంటు పోయినబ్బుడు పై నీళ్లు ఈడికే దిగాల. ఇంట్లో అందరికీ చెప్పు, దీన్ని నింపొద్దని."

తల ఊపాను.

మూడు వారాలు గడిచాయి. ఒక్క బిందె ముట్టుకోలేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి కరెంటు లేదు, హాలంతా నీళ్లు. నా ఒళ్లు మండిపోయింది, మేస్త్రీకి కబురు పెట్టాను. ఆయన వచ్చి సైకిలు స్టాండు వేసే లోపలే, నీ పనితనం ఇదేనా అని నానా మాటలూ అన్నాను. ఆయన గుడ్డతో నేల మీది నీళ్లు అద్ది బకెట్లోకి పిండాడు. ఆ తర్వాత డ్రమ్ములోకి వంగి చూశాడు.

"ఎవరో నింపినారు," అన్నాడు.

అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"నేనేప్పా. పొద్దున కుళాయి వచ్చింది. డ్రమ్ము చూస్తే ఖాళీగా ఉండాది. పాపం చేపలది గూడా నింపుదామని రెండు బిందెలు పోసినా."

కుళాయి వచ్చిన రోజు మా వీధిలో చెంబులు, గ్లాసులు కూడా నింపి పెట్టుకుంటారు. ఏ గిన్నైనా వెలితిగా ఉంటే అమ్మకు చెయ్యి ఆగదు. ఆ రెండూ ఆమె తలస్నానానికి దాచుకునే బిందెలు. కరెంటు ఖాళీ సంగతి నేను ఆమెకు చెప్పనే లేదు.

మేస్త్రీకి అది అర్థమైందని నాకు తెలుసు. ఆయన నా వైపు తిరగను కూడా తిరగలేదు.

"తప్పు నాదేమ్మా. ఈ ఊర్లో ఖాళీ కనపడితే నింపకుండా ఎవరుంటారు? నేను ఆలోచించల్యా."

మరునాడు డ్రమ్ము అంచు దగ్గర ఇంకో పైపు బిగించి పెరట్లో అమ్మ గంగాళంలోకి దించాడు. ఎవరు నింపినా, ఎప్పుడు కరెంటు పోయినా, ఎక్కువైన నీళ్లు ఆమెకే చేరతాయి. కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. గడువింకా వారం మిగిలి ఉంది. దాని ఊసు అమ్మ ఎత్తలేదు.

ఆయన సైకిలెక్కుతుంటే అమ్మ గడప దాకా వచ్చింది.

"నిన్న అన్ని నీళ్లు పోయినాయి గదప్పా. చేపలకు సాలుతాయా? ఇంకో బిందె ఉండాది, తెచ్చేదా?"

"సాలుతాయిమ్మా," అన్నాడాయన.

తప్పు నాదని ఒప్పుకోవడానికి ఇద్దరూ నా ఎదురుగానే ఉన్నారు. నేను చేపల వైపు చూస్తూ నిలబడ్డాను.