గుర్తు తీసేసి కూడితే

నాన్నకు, నాకు ఒకటే తెగులు, పట్టిన పట్టు వదలం. బంటుమిల్లి దగ్గర మా రొయ్యల చెరువు గట్టు మీద ఆ ఎండాకాలమంతా వాదించుకుంటూనే ఉన్నాం. అంతకుముందు పంట చేతికి రాలేదు. ఇది కూడా పోతే చెరువు పూడ్చేస్తానని ఆయన అమ్మతో అనడం విన్నాను. అందులో నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు తిరిగే చప్పుడు వింటూ చదువుకున్నదాన్ని. పూడ్చనివ్వకూడదని అప్పుడే అనుకున్నాను.

రొయ్యకు నీళ్లలో ఉప్పు నిలకడగా ఉండాలి. నాన్న రోజూ పొద్దున్నే మీటరు పెట్టి చూసేవారు. ఉప్పు ఎక్కువుంటే కాలవలోని మంచినీళ్లు, తగ్గితే బోరులోని ఉప్పునీళ్లు పెట్టేవారు. నిన్న పెరిగింది, ఇవాళ తగ్గించాను, సరికి సరి అంటూ మోటారు కట్టేసి ధీమాగా కాఫీ తాగేవారు. మా చుట్టుపక్కల గట్ల మీద అందరిదీ అదే పద్ధతి.

నేనప్పుడు బందరులో కంప్యూటర్ కోర్సు చదువుతున్నాను. నాన్న ఫోన్లో పంపే రీడింగులతో పైథాన్ అనే కంప్యూటర్ భాషలో చిన్న ప్రోగ్రామ్ రాశాను. ఉండాల్సిన ఉప్పుకు రోజూ ఎంత తేడా ఉందో ఎర్రే అనే అంకెల జాబితాలో వరసగా పెట్టి, ఎక్కువైతే ప్లస్, తక్కువైతే మైనస్ గుర్తుతో మొత్తం కూడుతుంది. రెండు ఎక్కువ, రెండు తక్కువ, మూడు ఎక్కువ, మూడు తక్కువ. జవాబు సున్నా. చూశావా అన్నారు నాన్న. నేను రాసిన ప్రోగ్రామ్ కూడా ఆయన పక్షమే చేరినందుకు ఒళ్లు మండింది.

ఎందుకంటే రొయ్యలు మేత తినడం లేదు. తిన్నాయో లేదో చూడటానికి నీళ్లలో దించే చెక్ ట్రే పైకి లాగితే, వేసిన మేత వేసినట్టే ఉంది.

ఆ వారమే ల్యాబ్‌లో మేడమ్ ఎర్రేలోని అంకెలను ప్లస్, మైనస్ గుర్తులు తీసేసి కూడమన్నారు. ఏబ్స్ అని రాస్తే మైనస్ మూడు కూడా మూడే అవుతుంది. ఇదెవరికి పనికొస్తుందని విసుక్కుంటూ టైప్ చేస్తున్నదాన్ని సగంలో ఆగిపోయాను. మా చెరువు లెక్కలో ఆ ఒక్క మాట చేర్చాను. సున్నా కాస్తా పది అయింది. సాయంత్రం బస్సెక్కి తిన్నగా గట్టు మీదికే వెళ్లాను.

నాన్న వింటేగా. పెరిగినదాన్ని తగ్గించాక ఇంకా తప్పేముందంటారు. రొయ్యకు ఉప్పు పెరిగినా బాధే, తగ్గినా బాధే అని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. కాలేజీలో నేర్పేది ఇదేనా అని కసిరి, మోటారు వైపు నడిచారు. నేను ముందుగా వెళ్లి స్విచ్చికి అడ్డంగా నిలబడ్డాను.

ఆయనకో అలవాటు ఉంది. ఒకరోజు అమ్మ మీద అరుస్తారు, మర్నాడు బందరు హల్వా తెస్తారు. ఆయన లెక్కలో దాంతో సరి.

"నాన్నా, నువ్వు నిన్న తిట్టి ఇవాళ హల్వా తెస్తే, అమ్మ నిన్న ఏడవనట్టేనా?" అన్నాను.

ఆయన ముఖం చూస్తే భయమేసింది. అయినా నేను స్విచ్చి దగ్గర్నుంచి కదల్లేదు. చివరికి ఆయన గట్టు మీద చతికిలబడి, మరి నీళ్లు ఎలా పెట్టమంటావని అడిగారు. కొంచెం కొంచెంగా, ఉప్పు ఎగుడుదిగుడు కాకుండా పెట్టాం. కొన్నాళ్లకు చెక్ ట్రే తుడిచినట్టు ఖాళీగా పైకొచ్చింది. పంట గట్టెక్కింది, చెరువు నిలిచింది.

ఆ తర్వాత ఒకరోజు పొద్దున, కాఫీ ఆలస్యమైందని మళ్లీ అమ్మ మీద అరిచారు. మర్నాడు ఆయన బందరు వెళ్లొస్తే నా కళ్లు ముందు చేతుల మీదికే వెళ్లాయి. హల్వా పొట్లం లేదు. చెప్పులు విడిచి నేరుగా వంటింట్లోకి వెళ్లారు.

"నిన్న నీ మీద అనవసరంగా అరిచాను" అన్నారు.

అమ్మ గరిటె పక్కన పెట్టి ఆయన వైపు తిరిగింది.