మేనత్త పాటకి ఒకటిన్నర అంగుళం మార్జిన్

మొన్న మా అక్క కూతురు తన థీసిస్‌కి మార్జిన్ మారుస్తుంటే పక్కనే కూర్చున్నాను. అది ఒక్క నొక్కు నొక్కిందో లేదో, పేజీలన్నీ బుద్ధిగా సర్దుకున్నాయి. "అంతేనా?" అన్నాను. "అంతే పిన్నీ. ఎందుకలా చూస్తున్నావ్?" అంది. ఎందుకా! నాకు ఒళ్లు మండిపోయింది.

తొంభైల చివర్లో దివిసీమ ఊడ్పుల పాటల మీద నేను ఎంఫిల్ చేశాను. పాటలన్నీ కోడూరులో ఉండే మా మేనత్తవే. మోకాలి లోతు బురదలో నాట్లేస్తూ పాడినవాటిని, అరుగు మీద కూర్చుని వక్క నములుతూ నాకోసం మళ్లీ పాడింది. బదులుగా ఒక్కటే కోరింది: "పుస్తకమయ్యాక నా పాట నాకే చదివి వినిపించాలే, అమ్మాయ్." టైపు చేసింది బందరులో ఒక కంప్యూటర్ సెంటరాయన. అంతకుముందు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి కనక, టైపు మిషన్ మీద మీట లాగినట్టే కంప్యూటర్లోనూ ప్రతి పంక్తి చివరా ఎంటర్ కొట్టేవాడు. అది తప్పని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

మా గైడు గారు స్కేలు తీసి కొలిచారు. పాట ఒక్కటైనా చదివిన పాపాన పోలేదు. "బైండింగుకి ఎడమపక్క ఒకటిన్నర అంగుళం వదలాలమ్మా. ఈ పాటలేంటి, సగం కాగితం ఖాళీ? పంక్తులన్నీ కలిపేయించు." పాటని అలా కలపకూడదండీ అన్నాను. "నాకే చెబుతున్నావా? సంతకం కావాలా, వద్దా?" అన్నారు. శనివారమే ఆఖరు తేదీ. ఏం చెయ్యను?

పాటల్లో ఎంటర్లు తీయించాను. మార్జిన్ పెంచగానే, ఎంటర్లు అలాగే ఉండిపోయిన నా వచనంలో ప్రతి పంక్తి చివరి మాటా జారి, కింద ఒంటరిగా పడింది. పాటలేమో వచనమైపోయాయి, నా వచనమేమో పాటలా విరిగిపోయింది! "ఇవన్నీ ఏరాలంటే వారం పడుతుందండీ" అని సెంటరాయన చేతులెత్తేశాడు. అలాగే పట్టుకెళ్తే గైడు గారు మళ్లీ స్కేలు పెట్టి, "ఆఁ, ఇప్పుడు బాగుంది" అని సంతకం చేశారు. వాటిని కళ్లంటారా అసలు!

జిగురు వాసన పోని ఆ పుస్తకంతో అవనిగడ్డలో బస్సు మారి కోడూరు వెళ్లాను. అత్త చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదివాను. కాసేపు విని, "ఆగవే తల్లీ, ఇది నా పాట కాదు. ఎక్కడా ఊపిరి తీసుకోకుండా పాడితే మళ్లోనే పడిపోనూ?" అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. అట్ట మీద బంగారు అక్షరాలు ఓసారి తడిమి, పుస్తకం నా ఒళ్లో పెట్టేసింది. మళ్లీ ఎప్పుడూ చదవమని అడగలేదు.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. అన్నిటికీ కాలమే మందంటారు. ఆ మందు నాకింకా పడలేదు.