లిఫ్టు ఆగిన పావుగంట

ఆసుపత్రి లిఫ్టు నడిపే ఆవిడ ఎక్కినవాళ్ల ముఖం చూసే అంతస్తు చెప్పేస్తుంది. ఊపిరి సలపని పనిలో దేవుణ్ణి తలుచుకోడానికి తీరికెక్కడిదని అత్తగారితో అంటుంటుంది. ఆ రోజు ఓ పెద్దాయన ఒక్కడే ఎక్కాడు. దారిలో కరెంటు పోయి లిఫ్టు ఆగిపోయింది. “ఆపరేషన్‌కి తీసుకెళ్లేలోపు ఒక్కసారి కనపడమందమ్మా మా ఆవిడ,” అంటూ ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “నా చేతుల్లో ఏముంది బాబాయ్,” అంది, అలారం నొక్కీ నొక్కీ అలిసిపోయి. ఇద్దరూ గోడకానుకుని నిలబడ్డారు. ఆ చీకట్లో తమతోపాటు ఇంకెవరో, మూలనున్న తన స్టూలు మీద కూర్చుని ఉన్నారనిపించిందామెకు. భయం మాత్రం వెయ్యలేదు. లిఫ్టు కదిలి పైకి చేరేసరికి ఆపరేషన్ గది తలుపులు మూసేశారు. పెద్దాయన బయట బెంచీ మీద కూలబడ్డాడు. కిందికొచ్చాక జనం తోసుకుంటూ ఎక్కారు. “స్టూలు ఖాళీగానే ఉందిగా, కూర్చోమ్మా,” అన్నారెవరో. స్టూలు వైపు ఓసారి చూసి ఆమె నిలబడే మీట నొక్కింది.