నేసుడు అని కొట్టి చూడండి

నాగర్‌కర్నూల్ గ్రంథాలయంలో వ్యవసాయం మీద ఒక్క పుస్తకమూ లేదని మా కంప్యూటర్ తేల్చి చెప్పిన నాడు, వనపర్తిలోని మా గ్రంథపాలకుడు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని తెరను పరిశీలించారు.

“అమ్మా, నాగర్‌కర్నూల్‌ల పుస్తకాలు లేవంటే నమ్ముత. ఎవుసం లేదంటే ఎట్ల నమ్మాలె?” అన్నారు.

నేను కొట్టిన అక్షరాలను మరొకసారి సరిచూసుకున్నాను. వి తరువాత వై, వై తరువాత ఏ. వ్యవసాయం అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో అంతకంటే శుద్ధంగా రాయడం ఎవరి తరమూ కాదు. అయినా తెర మీద ఖాళీయే కనిపిస్తోంది.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. ఒకే యాజమాన్యం వనపర్తిలో ఒకటి, నాగర్‌కర్నూల్‌లో ఒకటి కళాశాలలు నడిపేది. రెండింటి గ్రంథాలయాలకూ చెరొక కంప్యూటర్ కొని, టెలిఫోను తీగతో కలిపారు. మోడెం అనే చిన్న పెట్టె కాసేపు కీచుకీచుమని అరిచి ఊరుకుంటే కలిసినట్టు లెక్క. అప్పుడు ఇక్కడ కూర్చుని అక్కడి పుస్తకాలను వెదకవచ్చు. దొరికిన పుస్తకం మరునాడు బస్సులో వచ్చేది. ఈ ఏర్పాటుకు ఆన్‌లైన్ అని పేరు. “ఆన్‌లైన్ అంటే లైన్ల నిలవడాల్నా మేడం?” అని విద్యార్థులు అడిగేవారు. నిజానికి నిలబడవలసే వచ్చేది. ఉన్న యంత్రం ఒక్కటే కదా.

గద్వాలలో మగ్గం నేసే ఇంట పుట్టి, డిగ్రీ దాకా చదివిన మొదటి మనిషిని నేను. పుస్తకాల వివరాలను ఆ యంత్రంలోకి ఎక్కించడం, అడిగినవారికి వెదికి ఇవ్వడం నా ఉద్యోగం. దానికి తెలుగు అక్షరాలు రావు. ప్రతి తెలుగు మాటనూ ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చి కొట్టాలి. నాగర్‌కర్నూల్‌లో ఇదే పని చేసే ఆయన లింగాల వైపు మనిషి. ఆయనను నేను చూడలేదు, గొంతు మాత్రం ఎరుగుదును. వెదకడానికీ మాట్లాడడానికీ తీగ ఒక్కటే కాబట్టి, కంప్యూటర్‌ను విడదీసి ఆయనకు ఫోను చేశాను.

“అన్నా, వ్యవసాయం అని కొడితే ఏమీ రావడం లేదు.”

“వ్యవసాయం ఎవడు చేస్తుండు చెల్లె ఈడ? అందరు ఎవుసమే చేస్తుండ్రు. ఎవుసం అని కొట్టు.”

మళ్ళీ తీగ కలిపి అలాగే కొట్టాను. తెర పైనుంచి కింది దాకా నిండిపోయింది. విత్తనాలు, ఎరువులు, వేరుశనగ, పశువులు. గ్రంథపాలకుడు నా వైపు ఒకసారి, తెర వైపు ఒకసారి చూసి, వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు.

ఆ రోజు నుంచి నాకు లింగాల ఆయనతో యుద్ధం మొదలైంది. మనం ఒక పద్ధతి పెట్టుకోవాలన్నా, గ్రంథాలలో ఉన్న రూపమే కొట్టాలన్నా అని నేను బతిమాలేదాన్ని. ఆయన ఓపికగా వినేవాడు. “చెల్లె, నువ్వు పుస్తకం లెక్క మాట్లాడ్తవు. నేను మనిషి లెక్క కొడ్త. వెతికేటోడు పుస్తకమా, మనిషా?” అని ఫోను పెట్టేసేవాడు.

వైద్య గ్రంథాలన్నీ దవాఖాన కింద ఉండేవి. వంటల పుస్తకాలు వండుడు కింద. గణితం, తర్కం, ఆదాయపు పన్ను చట్టం, ఈ మూడూ పరేషాన్ కింద. పుస్తకం పేరు మరీ పొడుగైతే, పేరు కొట్టవలసిన చోట ‘అట్ట మీద ఉన్నది’ అని కొట్టేవాడు. ఒకనాడు తత్వశాస్త్రం కోసం ఎంత గాలించినా దొరకక, చివరకు ఫోను చేసి అడిగితే నిద్ర కింద చూడమన్నాడు.

“తత్వశాస్త్రాన్ని నిద్ర కింద ఎందుకు పెట్టారన్నా?”

“సదివి చూసినవా?”

“లేదు.”

“సదువు. తెలుస్తది.”

నేనూ ఊరుకోలేదు. ఆయనకు డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. మా దగ్గర అవి ఒక బీరువా నిండా ఉండేవి. వాటన్నింటినీ ‘అపరాధ పరిశోధనాత్మక నవలా సాహిత్యం’ అనే విషయం కింద, ఒక్క అక్షరం వదలకుండా ఎక్కించాను. వారం తిరగకుండా ఫోను వచ్చింది.

“చెల్లె, దొంగ అని కొట్టిన, లేడు. పోలీసు అని కొట్టిన, లేడు. ఖూనీ అని కొట్టిన, కాలేదంటున్నది. మీ వనపర్తిల దొంగలే లేరా?”

“ఉన్నారన్నా. మర్యాదగా వెదికితే దొరుకుతారు.”

ఆయన అవతల పడి పడి నవ్వాడు. కాని పద్ధతి మార్చుకోలేదు, నేనూ మార్చుకోలేదు. ఇద్దరమూ ఒకరి నోటిని ఒకరం నేర్చుకున్నాం. ఎవరైనా వచ్చి నాగర్‌కర్నూల్ పుస్తకం అడిగితే, ఈ మాటను ఆయన ఎలా పలుకుతాడని ఒక క్షణం ఆలోచించి కొట్టేదాన్ని. చాలాసార్లు తగిలేది.

అలా ఉండగా ఒక ఉదయం మా నాయన చెప్పాపెట్టకుండా గద్వాల బస్సు దిగి, చేతిసంచితో గ్రంథాలయంలోకి వచ్చాడు.

ఆయన నేసేది కుప్పడం చీర. చీర ఒంటి రంగు వేరు, అంచుల రంగు వేరు. ప్రతి వరుసలోనూ పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెలు మూడు నడవాలి. రెండు అంచులకు రెండు, ఒంటికి ఒకటి. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు, అవతలి పక్కన కూర్చుని నాడె అందుకుని తిరిగి ఇచ్చే చెయ్యి ఒకటి కావాలి. నేను ఉద్యోగానికి వచ్చేదాకా ఆ చెయ్యి నాదే. నేను వచ్చాక ఆయన అంచూ ఒళ్ళూ ఒకే రంగుగా ఉన్న చీరలతో సరిపెట్టుకుంటున్నాడు. ఇప్పుడు కోట బురుజుల్లా కొమ్మలు లేచే కోటకొమ్మ అంచుతో పెద్ద పని వచ్చింది.

“అవతలి చెయ్యి లేక మగ్గం మొకం ఏలాడేసుకోని కూసున్నది బిడ్డా. సామాను సర్దుకో, పోదాం,” అన్నాడు.

“మరి నా ఉద్యోగం నాయినా?”

“ఏం ఉద్యోగం? టీవీ ముంగట కూసునుడు. అండ్ల పాటలన్న వస్తలేవు.”

నా చదువంతా ఆ మగ్గం మీదనే నడిచింది. కాదనే నోరు నాకు లేదు. వెళితే ఈ కుర్చీలో మరొకరు కూర్చుంటారని, తిరిగి రావడమంటూ ఉండదని కూడా తెలుసు. ఏమీ పాలుపోక గ్రంథపాలకుడి వైపు చూశాను. ఆయన లేచి వచ్చి మా నాయనకు తన కుర్చీ వేశారు.

“పెద్దమనిషీ, మీ బిడ్డ ఏం చేస్తదో ఒక్కసారి చూసి తోల్కపోండ్రి. మీ పని మీదనే ఏదన్న పుస్తకం అడుగుండ్రి.”

“దొరికితె?”

“దొరికితె బిడ్డను ఈడ ఉంచి పోండ్రి.”

“దొరకకుంటె?”

“సామాను బస్సు దాక నేనే మోస్త.”

మా నాయన మీసాల చాటున నవ్వాడు. నా బతుకును ఇద్దరు పెద్దమనుషులు పందెం కాస్తుంటే, నేను తల వంచుకుని యంత్రం ముందు కూర్చున్నాను. లైనులో ఉన్న విద్యార్థులు లైను చెడగొట్టి చుట్టూ మూగారు.

ముందుగా మా సొంత గ్రంథాలయంలోనే ‘నేత’ అని కొట్టాను. తెర నిండిపోయింది. నా గుండె కుదుటపడింది.

“చదువు బిడ్డా,” అన్నాడు నాయన.

చదివాను. ప్రజా నేత. జాతీయ నేత. యువ నేత. కార్మిక నేత. అదే నేత, మాట ఒక్కటే. ఎక్కించింది నేనే. అందరూ నాయకులే.

“వీళ్ళంత మనోళ్ళేనా? ఎన్నడన్న నేసిండ్రా?”

“నేసినవాళ్ళు కాదు నాయినా. నేతలు.”

“నేయనోళ్ళు నేతలెట్లయితరు?”

“మాటలు నేస్తరు లెండి,” అన్నారు గ్రంథపాలకుడు. విద్యార్థులు బల్లలు చరిచారు. మా నాయన మాత్రం నవ్వకుండా, గెలుపు దగ్గరపడిన మనిషిలాగా, చేతిసంచిని ఒళ్ళోకి తీసుకున్నాడు.

మా దగ్గర నేతపని మీద ఏదీ లేదు. ఇక మిగిలింది నాగర్‌కర్నూల్. తీగ కలిపాను. పెట్టె కీచుమంది. చేనేత అని కొట్టాను, లేదు. మగ్గం అన్నాను, లేదు. వస్త్రం, లేదు. బట్ట అంటే టైలరింగు నేర్పే పుస్తకాలు వచ్చాయి.

“ఆటోను పిల్వాల్నా మేడం?” అన్నాడు వెనుక నుంచి ఒకడు.

చేతులు ఒళ్ళో పెట్టుకుని లింగాల ఆయన గొంతును తలుచుకున్నాను. తినుడు. పండుడు. వండుడు. ఆ వరుసలో మా పనిని ఆయన ఏమంటాడు? నా చేత ఎవరూ రాయించలేని ఆ మాటను ఒక్కొక్క అక్షరమే కొట్టాను. నేసుడు.

ఒక్క పుస్తకం వచ్చింది.

విషయం నేసుడు. పేరు ఉండవలసిన చోట ‘అట్ట మీద ఉన్నది’.

“అంటె ఏంది?” అన్నాడు నాయన.

“పుస్తకం పేరు, నాయినా.”

“మంచి పేరే. కని, కండ్ల వడ్డంకనే దొరికినట్టు.”

పందెం మరునాటికి వాయిదా పడింది. నేను ఫోను చేస్తే, తెల్లారి మొదటి బస్సుకు వేస్తానన్నాడు లింగాల ఆయన. ఏ పుస్తకమని నేను అడగలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. మా నాయన ఊళ్ళోనే ఉన్న చుట్టాలింట్లో ఆగాడు.

మరునాడు బస్సులో వచ్చిన పొట్లాన్ని గ్రంథపాలకుడి బల్ల మీద పెట్టాం. నాయనే దారం విప్పాడు. అట్ట మీద పసుపు రంగు పిట్ట ఒకటి, ఈతకొమ్మకు వేలాడే గూటిని తలకిందులుగా కరుచుకుని ఉంది. గిజిగాడు. అది పక్షుల పుస్తకం.

నేను ఫోను దగ్గరికి పరుగెత్తాను. “అన్నా, నేసుడు అని పెట్టింది పిట్టల పుస్తకమా?”

“మరి అట్ట మీద పిట్ట ఏం చేస్తుంది చెల్లె? నేస్తలేదా?”

ఫోను పెట్టేశాను. తిరిగి వచ్చేసరికి గ్రంథపాలకుడు పక్కకు తిరిగి దగ్గుతున్నారు. అది దగ్గు కాదని భుజాల కదలికే చెబుతోంది. మా నాయన మాత్రం పుస్తకం తెరిచి, వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుతున్నాడు. గద్వాల బస్సుకు ఇంకా సమయం ఉంది. నా పెట్టె ఎంత సేపట్లో సర్దవచ్చునో మనసులో లెక్క వేసుకుంటున్నాను.

“సారూ, గిది ఇనుండ్రి,” అన్నాడు నాయన ఉన్నట్టుండి. “మొగదే నేస్తదంట. సగం నేసినంక ఆడది వచ్చి చూస్తదంట. నచ్చకుంటె గూట్ల అడుగే వెట్టదంట. మొగది మళ్ళ ఇంకొకటి షురూ జేస్తదంట.” అక్కడితో ఆగి, పుస్తకాన్ని గుండెలకు ఆనించుకుని, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. “ఇది పిట్ట కాదు సారూ. మా ఇంటామె!”

మా అమ్మ నాడెల్లో పెట్టే నూలు కండెలు చుడుతుంది. మగ్గం మీద ఎన్నడూ కూర్చోలేదు. కాని నేసిన ప్రతి చీరనూ గడపలో నిలబడి, తల వంచి చూసి, వంక చెప్పకుండా లోపలికి పోనిచ్చేది కాదు. అంచు పలచనైందనో, కొమ్మ వంగిందనో. ఆమె చెప్పినచోట వంక ఉండేది కూడా.

నాయన నవ్వు ఆగింది. ఆ బొమ్మలోని గూటి చుట్టూ వేలు తిప్పాడు.

“గడపల నిలవడి వంకలు వెట్టుడెందుకు? అవతల కూసోని వెట్టరాదా?” అని ఎవరితోనో అన్నట్టు అన్నాడు. ఆ తరువాత నా వైపు తిరిగాడు. “ఈ పుస్తకం జర ఇయ్యి బిడ్డా. ఆమెకు చూపెట్టి అడుగుత.”

“అమ్మ ఒప్పుకుంటదా నాయినా?”

“ఒప్పుకోకుంటె మళ్ళ వస్త. సామాను సర్ది వెట్టుకో.” లేచి, గ్రంథపాలకుడిని అడిగాడు: “సారూ, మరి పుస్తకం దొరికినట్టా, దొరకనట్టా?”

ఆయన అబద్ధం ఆడలేని మనిషి. “సగం దొరికినట్టు,” అన్నారు.

“అయితె బిడ్డను కూడ ఇప్పటికి సగమే ఇడిసిపోత,” అని పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని, బస్సెక్కాడు.

ఆ తరువాత గద్వాల బస్సు వచ్చే వేళకల్లా నా కళ్ళు వాకిలి మీదికే పోయేవి. చేతిసంచి పట్టుకున్న ప్రతి మనిషీ మా నాయనే అనిపించేవాడు. ఎవరూ రాలేదు, కబురూ రాలేదు. ఎదురుచూడలేక, ఒక సెలవు రోజున నేనే బయలుదేరి వెళ్ళాను.

మా సందు మలుపు తిరగకముందే మగ్గం చప్పుడు వినిపించింది. దానికంటే పైన మా అమ్మ గొంతు.

“ఏడ చూస్తున్నవ్? కొమ్మ వంగింది, ఇప్పు. ఆఁ, మొత్తం ఇప్పు.”

లోపలికి అడుగుపెట్టాను. నేను కూర్చునే చోట అమ్మ కూర్చుని ఉంది. కొంగు నడుముకు దోపుకుని, నాడె చేతిలో పట్టుకుని, తల ఎత్తకుండానే “వచ్చినవా బిడ్డా, అన్నం ఉన్నది తిను” అంది. మగ్గం మీద కోటకొమ్మ అంచు గీత గీసినట్టు నిటారుగా నిలబడి ఉంది. ఇన్నేళ్ళలో మా ఇంట్లో అంత తీరైన అంచును నేను చూడలేదు.

నాయన నన్ను సైగతో దగ్గరికి పిలిచి, గొంతు బాగా తగ్గించాడు.

“బిడ్డా, మీ సారును జర అడుగు. ఈమెను ఆ కంప్యూటర్ ముంగట కూసోవెట్టి, నిన్ను తోలిస్తడేమో.”

“ఏం గొణుగుతున్నవ్ ఆడ?” అంది అమ్మ. “నాడె ఇయ్యి.”