మంచం కమ్మీ

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేవి ఆ చేతులే. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ ఆసుపత్రిలో మంచం కమ్మీని రెండు చేతులతో పట్టుకుని పడుకునేవాడు, నిద్రలో కూడా వదిలేవాడు కాదు. నర్సు స్పూనుతో సూప్ తాగించాల్సి వచ్చేది.

శ్రీకాకుళం వైపు మత్స్యకారుడు. ఇక్కడి చేపల పడవలో పనిచెయ్యడానికి వచ్చాడు. పడవ మునిగాక ఖాళీ చేపల పెట్టెను పట్టుకుని తేలుతుంటే హెలికాప్టర్ వచ్చి తీసింది. అప్పటికి ఒక్కడే మిగిలాడు. తెలుగు వచ్చినవాళ్లు కావాలని ఆసుపత్రివాళ్లు అడిగితే నేను ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్లాను.

"ఇంక వదిలెయ్యొచ్చు అన్నా, ఇది నేలే" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. "నాతోటి ఇంకిద్దరు ఆ పెట్టి పట్టుకున్నారు బావూ. ఒగ్గీసినారు. ఒగ్గీసినోళ్లు ఎల్లిపోనారు."

మర్నాడు ఒక అధికారి వచ్చాడు. మహా మర్యాదస్తుడు. ఈయన వీసా ఆ పడవలో పనిచెయ్యడానికే తప్ప నేల మీద ఉండటానికి కాదనీ, ఇప్పుడు పడవే లేదు కాబట్టి ఒళ్లు కుదుటపడగానే దేశం వదిలి వెళ్లాలనీ నా నోటితో చెప్పించాడు. తను బాధపడుతున్నట్టు కూడా చెప్పమన్నాడు. అదీ చెప్పాను.

ఆయన నా మొహంలోకి చూశాడు.

"అయితే నానింకా సంద్రంలోనే ఉన్నానేటి, బావూ?"

ఆయన మెల్లగా కమ్మీ వదిలేశాడు.

అంతవరకూ గుమ్మంలో నిలబడి చూస్తున్న నర్సుకు తెలుగు రాదు. ఆ వేళ్లు విడివడటం చూసి, సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టింది.