మెట్ల పూజ వెనకాలే తడిగుడ్డ

అలిపిరి మెట్ల మీద ఒక తల్లి మొక్కును నా చేత్తో నేనే శుభ్రంగా తుడిచేశాను. అదీ కంపెనీ టోపీ పెట్టుకుని, ఫోటోకు పళ్ళికిలిస్తూ. చదివాక మీరు నన్ను తిట్టుకోవచ్చు. మా ఇంట్లోవాళ్ళు తిట్టి తిట్టి అలసిపోయారు కనుక మీకు పోటీ ఎవరూ లేరు.

ఏర్పేడు దగ్గరి మా కంపెనీలో అప్పటికి నేను కొత్తగా సీనియర్‌నయ్యాను. సీనియర్లు తలా ఒక డిప్లొమా విద్యార్థికి మెంటర్‌గా ఉండి, ఉద్యోగం దాకా చెయ్యి పట్టుకుని నడిపించాలి. నా వంతుకు సత్యవేడు నుంచి వచ్చే లావణ్య దక్కింది. రైతు బిడ్డ, పెద్దగా మాట్లాడదు. ఆ పిల్లకు నేను పట్టుబట్టి నేర్పిన పాఠం ఒక్కటే: ఎదుటివాళ్ళు చెప్పేది వినాలి. ఈ పాఠాన్ని గంటలకొద్దీ చెప్పేవాణ్ణి, మధ్యలో ఆమెకు నోరు తెరిచే సందివ్వకుండా.

ఆ ఏడాది సేవా కార్యక్రమంగా, విద్యార్థులను వెంటబెట్టుకుని అలిపిరి మెట్లు శుభ్రం చేయాలన్నారు. హెడ్డాఫీసు నుంచి పెద్దసారు కూడా వస్తారట. ఆ మరుసటి వారమే మా కంపెనీలో లావణ్యకు ఇంటర్వ్యూ, తీసుకునేది ఆయనే. మిగతావాళ్ళు బుద్ధిగా ప్లాస్టిక్ సీసాలు, కవర్లు ఏరుతున్నారు. నాకది ఆనలేదు. బకెట్లు, తడిగుడ్డలు తెప్పించాను. పెద్దసారు వచ్చేసరికి మెట్టులో ఆయన మొహం ఆయనకు కనబడాలని నా పంతం.

మొదటి మెట్టు దగ్గరే లావణ్య, “సార్, ఒక మాట సెప్పల్ల. పైన మా అమ్మ...” అంది.

ముందు పని, తర్వాత మాట అన్నాను. ఇంకొన్ని మెట్లెక్కాక మళ్ళీ “సార్” అంది. వినడం నేర్చుకోని మనిషి ఎదగడని ఉపన్యాసం అందుకున్నాను. నోటితో ఉపన్యాసం, చేత్తో తుడుపు. మెట్ల మీద పసుపు, కుంకుమ బొట్లు కనిపిస్తూనే ఉన్నాయి. చిన్నప్పుడు మా నాయనమ్మ మెట్ల పూజ చేస్తుంటే పసుపు పళ్ళెం పట్టుకుని వెంట నడిచినవాణ్ణి నేను! అయినా అవి నిన్నటివనుకున్నాను. వేలికి తడిగా అంటుకుంటున్నా అలాగే అనుకున్నాను.

మలుపు దగ్గర ఒకావిడ మోకాళ్ళు పట్టుకుని కూర్చుని, తాను పూజ చేసుకుంటూ వచ్చిన మెట్ల వైపు తృప్తిగా తిరిగింది. మెట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి. ఒక్క బొట్టు లేదు. కింద గుడ్డ పిండుతూ నేను.

“అమ్మీ, ఎవురే ఈయన?” అని అడిగింది నీరసంగా.

“మా సారుమా. నాకు నేర్పిస్తాండేది ఈయనే.”

కూతురికి ఈ ఉద్యోగం రావాలని మొక్కుకుందట. ఆ రోజు విద్యార్థుల బస్సులోనే వచ్చి, మాకంటే ముందే పూజ మొదలుపెట్టిందట. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కళ్ళొత్తుకుంది. “నా బిడ్డ ఉద్యోగం గూడా ఇట్నే తుడిసిపెట్టుకపోతాదేమో సారూ” అంది. క్షమించమన్నాను. ఆవిడ పసుపు గిన్నె నా చేతిలో పెట్టింది.

“తుడిసిన చేత్తోనే పుయ్యి నాయనా. బొట్టు నేను పెడతా.”

మళ్ళీ మొదటి మెట్టుకు దిగాం. నేను పసుపు, ఆవిడ కుంకుమ. సరిగ్గా అప్పుడే పెద్దసారు వచ్చారు. శుభ్రం చేయాల్సిన మనిషి మోచేతుల దాకా పసుపుతో, మెరిసే మెట్లకు వంగి వంగి రంగేస్తున్నాడు. ఇదేమిటని అడిగారు. నేను నోరు తెరిచాను. మాట రాలేదు, జన్మలో మొదటిసారి.

లావణ్యే చెప్పింది. ఎవరినీ తక్కువ చేయకుండా, ఏదీ దాచకుండా, తొణకకుండా చెప్పింది. పెద్దసారు చివరిదాకా విని, బూట్లు విప్పి, తనకూ కొంచెం పసుపు ఇమ్మన్నారు. ఆమె వెనక నిలబడి నేను పొంగిపోయాను. అంత చక్కగా మాట్లాడటం నేను నేర్పింది కాదు, నాకు తెలుసు. అయినా పొంగిపోయాను.

ఇంటర్వ్యూలో లావణ్య నెగ్గింది. ఇప్పుడు మా సేవా కార్యక్రమాలన్నీ నడిపేది ఆమే. కొత్తవాళ్ళకు అన్ని జాగ్రత్తలూ చెప్పి, ఆఖర్న “సారు చేతికి మాత్రం తడిగుడ్డ ఇయ్యొద్దండి” అంటుంది. అందరూ నవ్వుతారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వుతాను, ఆ పిల్ల నా శిష్యురాలు మరి.

ఆ మెట్ల పూజ రోజే ఏడుకొండలవాడి సాక్షిగా ప్రమాణం చేశాను: పైన ఎవరున్నారో చూడకుండా ఇక ఏ మెట్టూ తుడవను, లావణ్య “సార్” అంటే చాలు నోరు మూస్తాను. ఈ మాట వాళ్ళమ్మకు చెబితే సంతోషించి, నా పేరున కూడా మొక్కుకున్నానంది. సారుకు చెవులు పనిచేస్తే ఇంకోసారి మెట్ల పూజ చేస్తుందట.

ఆ పూజకు పసుపు గిన్నె నేనే మోస్తానన్నాను. ఇన్నేళ్ళయినా ఆవిడ పిలవలేదు.